రేడియేటర్ గొట్టం

పద్నాలుగు రోజుల ఉచిత గడువు. ఇవాళ పదమూడు.
ఒకదానిలో స్నేర్ మోత
తోమి బోర్లించిన గిన్నెలా ఉంది.
ఇంకోటి డెబ్బై గిగాబైట్లు, నా ముసలి లాప్‌టాప్
రెండో చరణం దగ్గరే కూలబడింది.
మరొకదానికి తప్పు వాయించడం కూడా వచ్చు,
ఎంత తప్పాలో శాతాల్లో మనమే చెప్పుకోవాలి.

కాతోవిత్సే. రాత్రి పదకొండు. కిటికీకి దుప్పటి.
మోచేయి తగిలి హెడ్‌ఫోన్ తీగ ఊడింది,
జాజ్ కిట్టో మెటల్ కిట్టో, గదంతా దబదబ.

కింది అంతస్తులో బ్రోనిస్వావా గారు లేచి
రేడియేటర్ గొట్టాన్ని గరిటెతో
టంగ్. టంగ్.
ఓ ఊపిరి ఆగి
టంగ్.

ఆ మూడో దెబ్బ ఏ మెనూలోనూ లేదు.

రేపు క్షమాపణగా గసగసాల కేకు పట్టుకెళ్తాను.
ఇప్పటికి మాత్రం
మైకును గొట్టానికి టేపుతో అంటించి,
రికార్డు నొక్కి,
తీగ మళ్ళీ పీకాను.