ఎక్కుడు బల్ల

పంటు దిగి సరాసరి నరసాపురం రేవులో
నా జిరాక్స్ కొట్టుకే వచ్చారు పరంజ్యోతి మాస్టారు.
చంకలో పాత లాప్‌టాపు, భుజాన క్లారినెట్టు పెట్టె,
సంచిలో తడిసి ఆరి అప్పడాల్లా బిరుసెక్కిన
నలభై మూడు నోటుపుస్తకాలు.

“ఇవన్నీ మా బ్యాండుకి నేను రాసిన స్వరాలయ్యా.
మొన్న వరదకి సగం గోదారి చదివేసింది.
మిగతా సగం ఇందులోకి ఎక్కించాలి.
అయిదు గీతలు గీసే ప్రోగ్రాము
ఉచితంగా ఇస్తారట కదా?”

ఇస్తారు మాస్టారూ.
ఊరూ పేరూ తెలియనివాళ్ళెవరో
నిద్ర మానుకుని కట్టిన పడవ అది.
టిక్కెట్టు లేదు.
ఏ మేకు ఎక్కడ కొట్టారో విప్పి చూసుకోవచ్చు కూడా.
ఒక్కటే మర్చిపోయారు,
రేవు నించి పడవలోకి వేసే బల్ల.

అది దింపితే ఇంకోటి కావాలంది.
ఇంకోటి దింపితే దాని తమ్ముడు కావాలంది.
నల్లటి కిటికీలో చీమంత అక్షరాలు,
చివర్న ఆగి ఆగి మిణుకుతూ ఒక గీత,
నీకిక్కడేం పని అన్నట్టు.
మూడో రోజు రాత్రి పదకొండింటికి
ఎర్రగా ఒక్క ముక్క చెప్పింది: దారి దొరకలేదు.

ఎందుకు దొరకలేదో
తెల్లారగట్ల, చేపల బుట్టలు పంటెక్కుతుంటే తెలిసింది.
లాప్‌టాపు కొన్ననాడు అది పేరేమిటని అడిగితే
మాస్టారు తెలుగులో కొట్టారు: పరంజ్యోతి.
ఆ పేరున్న అరలోంచి నడవడం
ప్రోగ్రాముకి చేతకాదు.
ప తలకట్టు దగ్గరే కాలు జారింది.

“పేరు ఇంగ్లీషులోకి మార్చేద్దామా?” అన్నాను.
ఆయన రీడు నాలిక మీద తడుపుకుంటూ
“పెళ్ళికొడుకు పొడుగైతే
గుమ్మం ఎత్తిస్తారా, కాళ్ళు నరికిస్తారా?” అన్నారు.

అప్పట్నించీ గుమ్మం పనిలో ఉన్నాను.
విప్పుకోవచ్చన్నారు గనక విప్పాను.
పదకొండు మెట్లని నాలుగు చేశాను. నాలుగుని ఒకటి.
లాకుల దగ్గర లస్కరు చేసేదీ ఇదే:
పడవని ఎత్తడు,
తలుపు మూసి, నీళ్ళు ఎదిగేదాకా ఆగుతాడు.

బాగానే ఉందనుకుని
పక్కింటి లేసు అల్లే వెంకటరత్నాన్ని కూచోబెట్టాను.
సాయం చెప్పకూడదని నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను.
మొదటి పలక దగ్గరే ఆగిపోయిందామె, అయిదు నిమిషాలు.
“సమ్మతమేనా అంటోంది.
దేనికో చెప్పకుండా ఊఁ ఎలా అంటానబ్బాయ్?
మా చిన్నాన్న అలా అనే అరెకరం పోగొట్టుకున్నాడు.”

నిజమే, దేనికో నేను రాయలేదు.
ఆ రాత్రి కూచుని రాశాను:
ఇది నీది. వాడుకో. మార్చుకో.
ఎవరికైనా ఇస్తే, మార్చిందీ ఇలాగే విప్పి ఇవ్వు.
ఇంతకు మించి ఇందులో మెలిక లేదు.

మర్నాడు చదివి, లేసు సూది కొప్పులో గుచ్చి,
వేలితో నొక్కింది.
తెర మీద అయిదు గీతలూ పరుచుకున్నాయి.
“ఓస్, పోగులే కదా!” అంది.

ఇవాళ మాస్టారు మొదటి కాగితం అచ్చు తీయించారు.
కొట్టు ముందే నిలబడి వాయించారు,
చుట్టూ టీ గ్లాసులు, పంటు కోసం ఆగిన స్కూటర్లు.
ఏడో గడిలో ఉలిక్కిపడ్డారు.
“ఈ స్వరం నేను పెట్టలేదే!”

పుస్తకం తిరగేశాం.
స్వరం కాదు, మరక.
వరద నీటి బొట్టు ఎండి
సరిగ్గా రెండో గీత మీద కూచుంది.
ఆయన మనవరాలు కెజియా చూసి, స్వరమనుకుని కొట్టేసింది.

మళ్ళీ వాయించారు, మరకతో సహా.
కాసేపు ఏమీ అనలేదు.
“ఉండనీ” అన్నారు.

గుమ్మం మరమ్మతు, పడవ కట్టినవాళ్ళకి పంపాను.
ఇంకా జవాబు రాలేదు.
ఈలోగా అవతలి ఒడ్డు నించి
డ్రమ్ము వాయించే సుందర్రావు వచ్చాడు.
కంప్యూటరు లేదు, ఫోనుంది,
దీంట్లోకి ఎక్కుతుందా అని.

ఎక్కదు.
కూచోమన్నాను.