నీళ్ల డ్రమ్ము దగ్గర

మీనా అబ్దుల్లాలో, రిఫైనరీ గోడ పక్క,
సమాధానం మేస్త్రి తన ఆకుపచ్చ హెల్మెట్ తీసి
లోపలి చెమట పట్టీని చొక్కాతో తుడిచి
నా చేతిలో పెట్టాడు.
కిడ్నీలో రాళ్లు. మర్నాడు విమానం.
ఉపదేశం చేస్తాడనుకున్నా.
"నీళ్ల డ్రమ్ము దగ్గర చూస్తుండు ఏసుపాదం,
ఎవడు మేస్త్రో అక్కడ తెలుస్తుంది" అన్నాడు, అంతే.
నాకేం తెలిసింది?
జీతం నలభై దినార్లు పెరిగిందని తెలిసింది.
బస్సులో ముందు సీటు నాదని తెలిసింది.

ఏడో వారం.
కాగితం మీద గీత నేను తప్పు చదివాను.
పునాది బోల్టులు రెండంగుళాలు పక్కకు నిలబడ్డాయి,
కాంక్రీటు గట్టిపడేదాకా ఎవరూ చూళ్లేదు.
ఇంజనీరు వచ్చి "ఎవడు?" అన్నాడు.
ఒక్క మాటే. ఎండ యాభైకి దగ్గర.
నాలుక నాకంటే ముందు పరిగెత్తింది:
"రాజలింగు."
జగిత్యాల కుర్రాడు, వచ్చి నాలుగు నెలలు.
వాడి అరబ్బీ, హిందీ, ఇంగ్లిషు మూడూ కలిపితే
"యస్ సార్" అవుతాయి.
యస్ సార్ అన్నాడు.
పదమూడు దినార్లు కోత.

శుక్రవారం మంగాఫ్‌లో, నాలుగో అంతస్తు ఫ్లాటులో ఆరాధన.
చెప్పులు మెట్ల దాకా. ఏసీ నీళ్లు బకెట్లో టప్ టప్.
నన్ను ప్రార్థన చెయ్యమన్నారు, మేస్త్రిని కదా.
అధికారుల కోసం చేశాను,
నడిపించేవాళ్లకు జ్ఞానం ఇమ్మన్నాను,
గొంతు బాగా కలిసొచ్చింది.
ఆమేన్ గోడలు తాకింది.

తర్వాత సుగుణమ్మ లేచింది, రాయచోటి వైపు మనిషి,
నెలకొక్క శుక్రవారం, అదీ మూడు గంటలే సెలవు.
"ప్రభువా, ఆ గాజు జాడీ పగలగొట్టింది
సిలోను పిల్ల కాదు, నేనే.
మొన్న మేడమ్‌తో చెప్పేసినా.
ఇంగ నీ ఇష్టం."
కూర్చుంది. కొంగుతో మొహం కూడా తుడుచుకోలేదు.

నా పేరులో పాదం ఉంది.
అమ్మ పెట్టింది, ఆ పాదాల దగ్గర ఉంటానని.
ఆ పూట చాప మీద నా పాదాలే చూసుకుంటూ కూర్చున్నాను.
కంపెనీ సాక్సు. బొటనవేలు దగ్గర చిరుగు.

శనివారం ఇంజనీరు నవ్వాడు.
"నెల లెక్క మూసేశాం. ఎవడైతే ఏం, పో."
నిజం చెప్తే ఆకాశం చీలుతుందనుకున్నానేమో,
ఫ్యాను తిరుగుతూనే ఉంది.

రాత్రి క్యాంపులో
పదమూడు దినార్లు రాజలింగు మంచం మీద పెట్టాను.
లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.
"పైసలు అచ్చినయి మేస్త్రీ.
మరి నా పేరు?"

ఆ రాత్రి ప్రార్థించానని చెప్పను.
మోకాళ్ల మీదే ఉన్నాను గానీ, బేరం ఆడాను:
ఇంకోలా కుదరదా ప్రభువా,
డబ్బు ఇచ్చాగా, ఇంజనీరుకు చెప్పాగా.
జవాబు రాలేదు.
పై మంచం మీంచి బీహారువాడి గురక వచ్చింది.

తెల్లారి నాలుగున్నర. బస్సు ఎక్కేముందు వరుస.
ముప్పై ఒక్కమంది, నాలుగు భాషలు.
తెలుగులో చెప్పాను, వచ్చీరాని హిందీలో చెప్పాను.
గీత తప్పు చదివింది నేను. వాడి పేరు చెప్పింది నేను.
ఎవడో నవ్వాడు.
ఎవడో ఉమ్మాడు, ఇసుకలోకో, నా వైపో.
హెల్మెట్ ఊడిపోలేదు. బరువెక్కింది.

పది గంటలకు నీళ్ల డ్రమ్ము.
ఒక్కొక్కడూ వంగి తాగుతున్నాడు, నేను లెక్కపెడుతున్నాను,
ఇరవై తొమ్మిది, ముప్పై,
ముప్పై ఒకటోవాడు రాజలింగు.
నా వంతుకు ఐసు కరిగిపోయింది, అడుగున తుప్పు రుచి.
సమాధానం మేస్త్రి ఇన్నేళ్లూ తాగిన నీళ్లు ఇవేనన్నమాట.
ఎప్పుడూ చెప్పలేదు.

తాగేముందు నేను అందుకున్న గ్లాసు
రాజలింగు ఒకసారి కడిగి
కుళాయి మీద బోర్లించి పోయినదే.
నాకోసమో, అలవాటో.
అడగలేదు.