పసుపు గడి

కూటమిలో చేరాలంటే
ముందు మీ దేశం ఎక్కడుందో చూపించమన్నారు.
పటం మీద కాదు, పట్టాలో.

ఏ బ్యారక్ ఎవరిది,
ఏ గిడ్డంగి కింద నేల ఎవరి పేరున ఉంది,
బోస్నియా అంతటా అరవై చిల్లర స్థలాలు
ఒక్కొక్కటీ తేల్చి
దేశం పేరున రాయించుకు రండి అన్నారు.
యుద్ధం ఆగి ఇన్నేళ్లయినా
దేశం పేరున సెంటు భూమి రాయాలంటే
మూడు సంతకాలు కావాలి.
ఆ మూడూ ఒకే గదిలో కూర్చోవు.

నేను భూమి రికార్డుల ఆఫీసులో గుమాస్తాని.
తుపాకీ ఎన్నడూ పట్టలేదు, టేపు పట్టాను.

ఆ మంగళవారం కొండ మీది గిడ్డంగికి పోయాం,
నేనూ, టేపు రెండో కొస పట్టుకునే జెవాదూ.
గేటు దగ్గర పుర్రె బొమ్మ బోర్డు.
మందుపాతరలు తీసేశారు గానీ
బోర్డు తియ్యడం ఏ శాఖ పనో
ఇంకా తేలలేదట.

కాపలాదారు ఒస్తోయా తాళంచెవుల గుత్తి తెచ్చాడు.
మూడు సైన్యాల చెవులు, ఒకటే కడియం.
"ఏది దేనికో అడక్కు అమ్మాయ్,
చలికాలంలో అన్నీ ఒకేలా వేళ్లకి అంటుకుంటాయి."
లోపల తుప్పు పట్టిన పెట్టెలు,
ఎడమ కాలి బూట్లే నాలుగు వందలు,
ఒక పిల్లల మంచుబండి.
దాన్ని ఏ పద్దులో వెయ్యాలో తోచక
"ఇతరములు" అని రాశాను.

ఉత్తరపు కంచె దగ్గర టేపు ఆగింది.
కంచె లోపల పదకొండు ప్లమ్ చెట్లు.
కంచె బయట జుమ్రెతా,
చేతిలో కర్ర, కర్ర కొసకి వంచిన తీగ.
డెబ్భై దాటిన మనిషి
తను నాటిన చెట్ల కాయల్ని
తనే దొంగలా లాక్కుంటోంది.
పట్టా ఉందా అని అడిగాను.
"మునిసిపాలిటీ తగలబడినప్పుడు
బూడిదై మా పెరట్లోనే రాలింది.
ఏరుకోలేకపోయాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు.
ఇక్కడ ముందు ఆకులే కాలాయి.

ఇది దేశం పేరున ఎక్కితే
నాటోకి ఒక అడుగు దగ్గరవుతామని చెప్పాను.
అధికారి గొంతు అరువు తెచ్చుకుని మరీ చెప్పాను.
ఆవిడ ఒక కాయ కొంగుకి తుడిచి
జెవాద్ చేతిలో పెట్టింది.
"అప్పుడూ వచ్చారు నీలం టోపీల వాళ్లు.
మంచి పిల్లలు.
బైనాక్యులర్లు పెట్టుకుని అంతా చూశారు."
కాసేపు ఆగి,
"రాసుకో. నిజంగా వస్తారంటే రాసుకో.
నేలగదిలో దాక్కున్న రాత్రి
మా ఇజెత్‌కి కూడా
ఎవరో వస్తారనే చెప్పాను."

ఇజెత్ ఎవరని మేం అడగలేదు.
మా దగ్గర అలా అడగరు.

జెవాద్ నా వైపు చూశాడు.
నేను టేపు వైపు చూశాను.
ఎండకి టేపు కాస్త సాగుతుంది.
ఆ రోజు ఎండ లేదు.
అయినా నా కాగితం మీద
హద్దు చెట్లకి ఇవతలే నిలిచింది.

ఫైలు రాజధానికి పోయింది.
ఒక సంతకం పడింది.
రెండో బల్ల మీద పడుకుంది.
మూడో ఆయన
ఆ కొండ తమ వాళ్లదేనని కోర్టుకెక్కాడు.

వసంతంలో బ్రసెల్స్ నుంచి ఒకావిడ వచ్చింది,
పొట్టి జుట్టు, మెత్తటి మాట.
గోడ మీద పట్టిక వేసి చూపించింది.
పూర్తయినవి ఆకుపచ్చ, మొదలవనివి ఎరుపు.
మా కొండ పసుపు గడిలో ఉంది.
"పురోగతి కనిపిస్తోంది" అంది.
నిజమే, పోయినేడు ఎరుపు.
మా అన్న పేరు కూడా ఒక పట్టికలో ఉంది,
కనబడుటలేదు అని.
దానికి రంగులు లేవు.

నవంబరులో ఆఫీసుకి ఒక సీసా వచ్చింది.
చక్కెర వెయ్యకుండా రోజంతా కాచిన
నల్లటి ప్లమ్ పాకం.
మూత మీద వణికే అంకెలతో ప్లాటు నంబరు,
అందులో ఒక అంకె తప్పు.
లంచం కింద నమోదు చెయ్యాలేమోనని
రిజిస్టరు తెరిచాను.
జెవాద్ అప్పటికే
రొట్టె కోస్తున్నాడు.