నవంబరు పొర

మెస్తియాలో దారి మూసుకుపోయి నాలుగో రోజు.
కొత్త డిస్కు కుతైసీలో లారీ ఎక్కి
మంచు తీసేదాకా అక్కడే కూర్చుంది.
ఇక్కడ దరేజాన్ గదిలో యంత్రం
తొంభై ఎనిమిది శాతం నిండి ఆయాసపడుతోంది.
ఇంకో రెండు శాతం,
ఆ తరవాత వాలు మీది సెన్సర్లు చెప్పేది
రాసుకోవడానికి చోటుండదు.

ముందు కొలిచింది, ఎవరెంత తిన్నారో.
చాప కింద నీరులా చిట్టా ఒకటి
పదకొండు గిగాబైట్లు: ఒకటే ఫిర్యాదు,
గడియారం కుదరలేదు, గడియారం కుదరలేదు,
రెండేళ్లుగా ఎవరూ వినని గొణుగుడు.
కత్తిరించి, ఇకపై ఇంతే అని హద్దు గీసింది.
ఆగిపోయిన కంటైనర్లు, పేరూడిపోయిన ఇమేజ్‌లు
ఊడ్చెయ్యడానికి చెయ్యి వెనకాడలేదు.

అసలు బరువు అడుగున ఉంది.
మంచు లెక్కగట్టే ప్రోగ్రాం గుప్పెడంత.
దాన్ని మోసే ఇమేజ్ మూడు గిగాబైట్లు.
పింఛను పుచ్చుకుని సముద్రం ఒడ్డుకి చేరిన
బెజాన్ రాసిన ఫైలు తెరిచింది.
ఐదో వరసలో కంపైలరు దించాడు.
తొమ్మిదో వరసలో తీసేశాడు,
తీసేశాననే అనుకున్నాడు పాపం.

దరేజాన్‌కి నవ్వొచ్చింది.
పారతో గుంట తవ్వి
మంచు గోడని వేలితో చదవడం
నేర్పింది ఆయనే కదా:
"మీద ఎంత కురవనీ, పిల్లా,
కింద నవంబరు నవంబరుగానే ఉంటుంది.
కప్పడం వేరు, కరగడం వేరు."
పై పొరలో చెరిపింది కంటికి ఆనదు, అంతే.
కింది పొరలో కంపైలరు
కాళ్లు బారజాపుకుని పడుకునే ఉంది.

తిరగరాసింది.
దించడం, వాడటం, పారెయ్యడం
ఒకే వరసలో, ఒకే ఊపిరిలో.
ఊహూఁ, ఇంకా నయమైన దారి:
ఒక వంటింట్లో వండి
పక్కింటికి గిన్నె ఒక్కటే పంపడం.
పొయ్యీ రోలూ పొత్రమూ అక్కడే.
మూడు గిగాలు తొంభై మెగాలకి దిగొచ్చాయి.

చివరికి వాల్యూం ఒకటి మిగిలింది.
ఏ కంటైనరూ నాదనదు.
పేరుకి బదులు అరవై నాలుగక్షరాల గజిబిజి.
తుడిచే ఆదేశం కొట్టి
ఎంటర్ మీద వేలు ఆపింది, ఎందుకో.
లోపల
పదిహేడు చలికాలాల గుంటల కొలతలు.
లోతు, రవ్వ పరిమాణం, చలి,
పక్కన ఎప్పుడో ఒక మాట:
ఇవాళ పార విరిగింది.
ఈ పొరని నమ్మొద్దు.

నలభై మెగాబైట్లు కూడా లేదు.
దానికో పేరు పెట్టింది.

డిస్కు అరవై ఒకటి చూపిస్తోంది.
బయట మళ్లీ మొదలైంది, మెత్తగా,
నిన్నటి దాని మీద.