నీరుగంటి

తాడిపత్రిలో రాళ్లమిల్లు గోడకి ఆనుకుని నా జిమ్ము.
పగలంతా పాలిషు నీళ్ల రొద,
అద్దాల మీద రోజూ సన్నటి తెల్లపొడి.
ముందు దాన్ని తుడుస్తాను,
తరువాత వేలు గుచ్చుకుంటాను.
నూట ముప్పై ఎనిమిది.
సరే, ఈ పూటకు రొట్టె ఒకటిన్నర.

పద్నాలుగేళ్లప్పుడు నా ఒంట్లో నీరుగంటి చచ్చిపోయాడు.
చెరువు నిండుగానే ఉండేది,
తూము లేపేవాడు లేడు,
మడులన్నీ నెర్రెలిచ్చాయి.
మూడు నెలల్లో చొక్కానే నన్ను తొడుక్కున్నట్టు అయ్యాను.
అప్పట్నుంచి నీరుగంటిని పెన్నులో పెట్టుకుని తిరుగుతున్నా.
పొట్ట మీద నొక్కితే తూము లేస్తుంది,
భుజానికి, తొడకి, వీపుకి పారకం.
ఎంత లేపాలో నేనే లెక్కకట్టాలి,
ముద్ద ముద్దకూ.

సంగటి నమ్మరాని చుట్టం.
రాగి నిదానమంటారు గానీ, మెత్తగా ఉడికిందా,
అన్నం కంటే ముందే మీటరెక్కి కూర్చుంటుంది.
కొర్రలు మర్యాదస్తులు, మెల్లగా వస్తాయి, మెల్లగా పోతాయి,
బరువులకు రెండు గంటల ముందు అవే నాకు.
ఉగ్గానా? బొరుగులు కదా, గాలివాన.
బరువులు దించాక మాత్రం తెల్లన్నమైనా మంచిదే,
కండలప్పుడు నోళ్లు తెరుచుకుని ఉంటాయి,
సగం మందుకే పళ్లెమంతా లాగేస్తాయి.
ఇది ఏ పుస్తకంలో చదివింది కాదు.
నా వేళ్ల కొసల్లో ఉంది, నల్లచుక్కలుగా.

ఓబుళపతి పక్క మిల్లులో పలకలు మోస్తాడు.
నెల్రోజులుగా నా పళ్లెం చూస్తున్నాడు, నా పెన్ను చూస్తున్నాడు.
నిన్న రాత్రి అందరూ పోయినాక అడిగాడు:
"మాబన్నా, ఆ సూది ఏసుకుంటే
తిన్నదంతా కండలోకే పోతాదంట గదా.
ఒక్కతూరి ఇయ్యి. దుడ్లు ఇస్తా."

తిట్టలేదు. బెంచీ మీద కూర్చోబెట్టాను.
రెండేళ్ల కిందట, కాళ్లకు బరువులు ఎక్కువ పట్టిన రోజు,
మీటరు రెండొందలు దాటింది.
ముందు అట్లాగే ఎగురుతుందని తెలిసీ
తొందరపడి నాలుగు యూనిట్లు పొడుచుకున్నాను.
రాత్రి రెండింటికి చెమటలో తేలుతున్నాను.
వంటింటి గడప కనపడుతోంది, దాటడమే తెలియలేదు.
చక్కెర అనుకుని ఉప్పుడబ్బా తీశాను.
మా అక్క పీరాంబీ నోట్లో బెల్లం కుక్కి
చెంపలు వాయించింది: "పేరు చెప్పురా, నీ పేరు!"
పేరు రాలేదు.

"నీకు నీరుగంటి ఉండాడబ్బీ.
పుట్టినకాణ్ణించి జీతం లేకుండా తూముకాడే పండుకోనుండాడు.
ఇంగొకణ్ణి తెస్తే ఇద్దరూ పోటీబడి లేపుతారు.
చెరువు అడుగు తేలతాది.
చేపల కంటే ముందు తలకాయ కొట్టుకుంటాది."

వాడు అరచేతిలో ఎండిన రాతిపొడి గిల్లుకుంటున్నాడు.
"మధ్యాన్నం ఏం తిన్నావు?"
"టీ. రెండు బన్నులు."
"పొద్దున?"
"టీ."

ఇంగేం చెప్పేది.
నా డబ్బాలోని కొర్రన్నం, పప్పు, ఉడికిన గుడ్లు రెండు
వాడి ముందర పెట్టాను.
ఎండిన మడి నీళ్లు తాగినట్టే తిన్నాడు, చప్పుడు చేస్తూ.
లోపలెక్కడో జీతం లేని మనిషి లేచి
పంచె దులుపుకుని తూమువైపు నడిచిపోతున్నాడు.
నాకు అసూయ కలగలేదని అనను.

తరువాత గుర్తొచ్చింది, అది నా రాత్రి తిండి.
వేలు గుచ్చుకున్నాను.
అరవై ఆరు.
"ఓబుళా, బిరీన పోయి
రెండు అరటిపండ్లు తేరా."