తొంభై ఎనిమిది

పదకొండు రోజులైంది షెడ్డులో ఐసు దంచి.
నా వేళ్లు మాత్రం ఇంకా నానిపోయే ఉండాయి,
క్లోరిన్ వాసన కూట్లోకి దిగతానే ఉండాది.

గంగపట్నం దోవలో, కంపెనీ గేటుకి అడ్డంగా
ఫీడు బస్తాలు పరుచుకోని కూర్చున్నారు గుంటలోళ్లు.
వాళ్లల్లో మా అన్న మాల్యాద్రి.
మూడెకరాల కౌలు, అరువు తెచ్చిన ఏరియేటర్లు,
చొక్కా జేబులో మడిచిన కరెంటు బిల్లు
చెమటకి అంకెలు అలుక్కపోయి.

అన్న గుంటలో పెంచిందానికే
నేను షెడ్డులో తల తుంచతా.
ఒకే రొయ్యకి ఆ కొసన వాడు, ఈ కొసన నేను.

"అవతలి దేశంలో పన్నేశారు, అందుకే రేటు పడింది"
అన్నాడు ఏజెంటు.
"పన్ను లేని రోజుల్లో యాడికి పోయిందయ్యా మా రేటు?"
అనడిగితే
ఫోన్లో సిగ్నల్ లేదన్నాడు.

పదకొండో రోజు అన్న గుంటలో తెల్లమచ్చ కనపడింది.
ధర్నా ఆగుద్దేమో గానీ రొయ్య ఆగదు.
రాత్రికి రాత్రే పట్టుబడి, తెల్లారేసరికి టబ్బులు గేటు కాడ.

తొంభై కౌంటన్నాడు అన్న.
నూటపది అన్నాడు సూపర్‌వైజరు సాబు.
సన్నవి ఏరి తూకమేశావని వీళ్లు,
నీళ్లు కారకముందే కాటా ఎక్కించారని వాళ్లు.
ఎవరో అన్నారు,
"చెంగమ్మ చేత ఎంచించండి,
పద్దెనిమిదేళ్లుగా తుంచతా ఉండాది."

టార్పాలిన్ మీద కిలో కుమ్మరించారు.
గొంతుక్కూచోని ఎంచినా.
ఇరవై దాకా అన్న నా మొహం చూశాడు.
యాభై దాకా సాబు చూశాడు.
డెబ్బై దాటినాక ఇద్దరి కళ్లూ నా చేతుల మీదే,
గోళ్లు పోయిన ఈ చేతుల మీదే.
ఒక రొయ్య ఇంకా మీసం ఆడిస్తా ఉండాది.
దాన్నీ ఎంచినా.

తొంభై ఎనిమిది.

అన్న బస్తా దులుపుకోని లేచాడు.
సాబు నా కార్డు అడిగి తీసుకున్నాడు,
"రేపు చూద్దాంలే."

మర్నాడు నేను లేనప్పుడు
రేటు యాడో మధ్యలో తెగిందంట.
లారీలు కదిలినాయి, బస్తాలు లేచినాయి.
తల తుంచితే కిలోకెంత అనే మాట
ఆ పక్కోళ్లూ ఎత్తలేదు, ఈ పక్కోళ్లూ ఎత్తలేదు.
వొదిన వారం దాకా కూర గిన్నె పంపలేదు.

పొద్దుగూకినాక చాటలో బియ్యం ఏరతా ఉంటే
వేళ్లు వాటంతటవే ఎంచుకుంటా పోతాయి.
తొంభై ఎనిమిది కాడ ఆగతాయి.
మళ్లీ ఒకటి నుంచి.