వడగట్టిన బత్తాయి

సాగర్ హిల్ కాలనీల మా హోటలు.
కౌంటరు మీద బుద్ధుని బొమ్మ, రేటు కార్డు,
వాటెనుక నేను, జానిపాష. రెండింటి నుంచి పదింటిదాక.

పట్నం నుంచి ఒక సారొచ్చి మూడు రోజులు నేర్పిండు:
ఎవరికెంత వంగాలె, ఎవరి కండ్లల్లకు చూడొద్దు,
జపానోళ్లకు తాళంచెవి రెండు చేతుల్తో ఇయ్యాలె.
అన్నీ రాసుకున్న. ఆ నోటుబుక్కు ఇప్పుడు
స్టోర్ రూం కిటికి కొట్టుకోకుండ అడ్డం పెట్టినం.

లంక నుంచి ఒక భంతే దిగిండు, రెండొందల ఏడుల.
కొండకు పోయి సాయంత్రం లాంచిల తిరిగొస్తే
"తిన్నరా సారూ?" అన్న.
మా దిక్కు అది ప్రశ్న గాదు,
ఎదురొచ్చిన మనిషికి వేసే పీట.
ఆయన నిలబడి, ఓపికగ, ఇంగ్లీషుల చెప్పిండు,
పొద్దు నడినెత్తి దాటినంక తిననని.
తెల్లారీ అడిగిన. నోటి అలవాటు.
మళ్ల మొదటికెల్లి చెప్పిండు.

తాగుతరా అంటే తాగుతనన్నడు.
వంటింట్లకెల్లి ఈదమ్మ బత్తాయి రసం పంపింది,
తొన ముక్కల్తోని. పంటికి తగలకుంటె
అది నల్లగొండ బత్తాయే గాదు ఆమెకు.
ఆయన గ్లాసు వెలుగుకు ఎత్తి చూసి
మెల్లగ కింద పెట్టి
వేలుతోటి గాలిల జాలి గీసిండు.
పిప్పి తగిలితే తిండి లెక్కకొస్తదట.
"గిదేం నియమమమ్మా" అనుకుంటనే ఈదమ్మ
కొత్త మల్లుగుడ్డ ఉతికి ఆరేసింది.

నేనేమంట?
పన్నెండు రోజుల సంది
పగలు మంచినీళ్ల బాటిలు దిక్కు చూస్తలేను.

నాలుగో సందెకాడ, లైట్లింక వెయ్యలే.
డ్యాం మీదికెల్లి గాలి.
భంతే మెట్లు దిగొచ్చి నా పెదవుల దిక్కు చూసి
"తిన్నవా?" అన్నడు.
అచ్చం నా యాసలనే.

తల అటిటు ఊపిన,
అవునూ గాదు, లేదూ గాదు,
సారు రాయించని ఊపు.
ఆయనా అట్లనే ఊపిండు. వాళ్లకూ ఉందట అది.

ఫోన్ల అజాన్ మోగింది.
రెండు గ్లాసులొచ్చినయి, ఒకటి వడగట్టింది.
ఖర్జూరం ఒకటి ఆయన దిక్కు జరపబోయి
మధ్యల ఆగిన.
ఆగినందుకు నవ్విండు.

ఇద్దరికీ ఒక్క బంతిల వడ్డిద్దామని
ఈదమ్మ వేళ్ల మీద గడియలు లెక్కవెట్టింది,
పొద్దుగాల నుంచి పొద్దుగాలదాక.
దొరకలే.
మళ్లొకసారి లెక్కవెట్టబట్టింది.